ఒకే తలతన్యత, రెండు రకాల పొరలు: ఇందుకూరుపేట రొయ్యల గుంటల కేస్ స్టడీ

ఇది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో పక్కపక్కనే ఉన్న రెండు వన్నామెయ్ రకం రొయ్యల గుంటల కేసు. రెండూ ఒకే రైతువి. మధ్యలో ఒకటే గట్టు. నీళ్లు తోడేది ఒకే కాలువ నుంచి. సీడ్ (రొయ్య పిల్లలు) ఒకే హేచరీది, ఒకే రోజు వదిలారు. పంట 70 రోజులు దాటాక మొదటి గుంటలో తెల్లవారేసరికి గాలి వాలు మూలన మోకాలెత్తు నురగ పేరుకోవడం మొదలైంది. ఏరియేటర్లు (నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రాలు) ఆపినా గంటల తరబడి అది కరగడం లేదు. రెండో గుంటలో నురగ ఊసే లేదు. పైగా ఏరియేటర్లకు దూరంగా, చిన్న గాలికి లేవాల్సిన సన్నటి అలలు కూడా అక్కడ లేవడం లేదు.

“యాడ తేడా వచ్చింది సార్? రెండిటికీ ఒకటే మేత, ఒకటే మందులు. నురగ మందు కొట్టమంటే కొడతా, లేదంటే బీకేసీ ఏద్దామా?” అని రైతు అడిగాడు. బీకేసీ అంటే బెంజాల్కోనియం క్లోరైడ్, గుంటల్లో క్రిముల్ని చంపడానికి వేసే మందు.

2009లో మన దేశంలో వన్నామెయ్ సాగుకు అనుమతి వచ్చాక నెల్లూరు, ప్రకాశం తీరంలో సీడ్ సాంద్రత పెరిగింది. దాంతో మేత పెరిగింది, ఏరియేటర్లూ పెరిగాయి. నీళ్లలో ఆర్గానిక్ పదార్థం ఉండి పైనుంచి రెక్కలు చిలుకుతుంటే నురగ రావడంలో వింతేం లేదు. ఎంత నురగ వచ్చిందన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు. వచ్చిన నురగ ఎందుకు నిలబడుతోంది, దాన్ని నిలబెడుతున్న పదార్థం ఏది అన్నదే తేల్చుకోవాలి. దానికి నీటి పైపొరను కొలవాలి. మామూలుగా ల్యాబుల్లో చేసే పరీక్షలన్నీ నీటి లోపలి సంగతే చెబుతాయి. పీహెచ్, అమ్మోనియా, ఆల్కలినిటీ రెండు గుంటల్లోనూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. తేడా కనిపించింది ఒక్క ఆక్సిజన్‌లోనే: తెల్లవారుజామున మొదటి గుంటలో లీటరుకు 3 మిల్లీగ్రాములు, రెండోదాంట్లో 4కు పైన.

తలతన్యత ఎక్కడ ఆగిపోయింది

పైపొర నమూనాను గాజు పలకతో తీశాం. శుభ్రమైన గాజు పలకను నీళ్లలోకి నిలువుగా దించి, సెకనుకు సుమారు 20 సెంటీమీటర్ల వేగంతో పైకి లాగితే దాని రెండు వైపులా పైపొర అంటుకొని వస్తుంది. దాన్ని రబ్బరు పలకతో గీకి సీసాలోకి దించాలి. సముద్ర పైపొరల కోసం 1970ల నుంచి వాడుతున్న పద్ధతే ఇది. పలకకు అంటేది మిల్లీమీటరులో పదో వంతుకు లోపే కాబట్టి కావలసినంత నీళ్లు పోగవడానికి ఓపిక కావాలి. బకెట్‌తో ముంచి తెచ్చిన నీళ్లు ఈ పనికి పనికిరావు.

ప్లాటినం పలకతో తలతన్యత, అంటే నీటి పైతలాన్ని బిగించి ఉంచే బలం, చూశాం. అదే ఉప్పదనం ఉన్న శుభ్రమైన నీటికి 28 డిగ్రీల దగ్గర మీటరుకు 72 మిల్లీన్యూటన్లు రావాలి. మొదటి గుంట నీటికి 60, రెండోదానికి 61 వచ్చాయి. రెండు చోట్లా పైన ఏదో పొర ఉందని, అది తలతన్యతను ఇంచుమించు ఒకే మేర దించిందని తెలిసింది. ఆ పొర ఏమిటన్నది ఈ అంకె చెప్పదు. తలతన్యత మీదే ఆగిపోతే ‘రెండూ ఒకటే’ అని రిపోర్టు రాసి పంపాల్సి వచ్చేది. అలాంటి రిపోర్టులు చాలా చూశాను. రైతు కళ్లెదుట ఒక గుంటలో నురగ, ఇంకో గుంటలో నున్నటి నీళ్లు కనిపిస్తుంటే, రెండూ ఒకటేనని చెప్పే కాగితం మీద అతనికి నమ్మకం ఎందుకుంటుంది?

పొరను కదిపి చూడాలి. అందుకు రెండు దారులున్నాయి. మొదటిది, పొర విస్తీర్ణాన్ని తగ్గించి లేదా పెంచి తలతన్యత ఎంత మారిందో చూడటం. ఆ మార్పును విస్తీర్ణంలో వచ్చిన మార్పు నిష్పత్తితో భాగిస్తే డైలేషనల్ మాడ్యులస్, అంటే నొక్కుడుకు పొర చూపే గట్టిదనం, వస్తుంది. రెండోది, విస్తీర్ణం ఏమాత్రం మారకుండా పొరను పక్కకు జరిపి చూడటం. అది షియర్. వెనక్కి లాగే బలం ఉంటే పొర ఘనంలా నడుస్తోందని, లేకపోతే ద్రవమని అర్థం. పాల మీద కట్టిన మీగడను వేలితో కాస్త జరిపి వదిలితే వెనక్కి రావడానికి ప్రయత్నిస్తుంది, పులుసు మీద తేలే నూనె రాదు. నీటి పైపొరలో ఈ తేడా కంటికి కనిపించదు కానీ పరికరానికి దొరుకుతుంది.

ఈ రెండింటినీ కలిపేస్తే వచ్చే ఇబ్బంది చాలా పాతది. బెల్జియం శాస్త్రవేత్త ప్లేటో 1869 ప్రాంతంలో ద్రవాల పైతలం మీద అయస్కాంత సూదిని తిప్పి, కొన్ని ద్రవాల్లో అది లోపలికన్నా పైన నెమ్మదిగా తిరుగుతోందని గమనించాడు. పైతలానికి సొంత స్నిగ్ధత (జిగట) ఉందని దాన్ని బట్టి చెప్పాడు. సూది తిరిగేటప్పుడు ముందున్న పొరను నొక్కుతుంది, వెనకున్నదాన్ని సాగదీస్తుంది, ఆ తలతన్యతల తేడాయే సూదిని ఆపుతోంది అని ఇటలీకి చెందిన మరంగోనీ అభ్యంతరం చెప్పాడు. ఆ అభ్యంతరం సరైనదే. గుంట నీళ్ల మీద సూది తిప్పి ‘జిగట ఉంది’ అని రాస్తే, అది షియర్ వల్లనా నొక్కుడు వల్లనా తేలదు. అందుకే మేం సూది వదిలి వలయానికి వెళ్లాం. గుండ్రటి వలయం తన అక్షం చుట్టూ తిరిగితే పొర విస్తీర్ణం మారదు, అది పక్కకు మాత్రమే జరుగుతుంది.

వలయం, తీగ, లేజర్ చుక్క

పెద్ద ల్యాబుల్లో ఈ పనికి రొటేషనల్ రియోమీటరుకు (పదార్థాన్ని తిప్పి దాని జిగట, గట్టిదనం కొలిచే పరికరం) రెండు గోడల వలయాన్నో, రెండు శంకువుల బిళ్లనో తగిలిస్తారు. మా దగ్గర రియోమీటరు లేదు. ఉన్నది మెలి లోలకం. సన్నటి స్టీలు తీగకు 3 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న అల్యూమినియం వలయం వేలాడుతుంది. దాని కింది అంచు కత్తి వాదరలా సన్నగా ఉండి నీటిని తాకుతుంది, లోపలికి మునగదు. కింద గాజు పాత్ర ఉంటుంది, దాని లోపలి వ్యాసార్ధం 5 సెంటీమీటర్లు. వలయం మీద చిన్న అద్దం, దాని మీద పడే లేజర్ కాంతి 2 మీటర్ల దూరంలో గోడ మీదున్న స్కేలు మీదకు వెళుతుంది. వలయాన్ని కొద్దిగా మెలితిప్పి వదిలితే అటూ ఇటూ ఊగుతుంది. శుభ్రమైన నీటి మీద ఒక ఊపుకు 10 సెకన్లు పట్టేలా తీగ పొడవు సరిచేశాం.

నీటి మీద పొర ఘనంలా ఉంటే అది కూడా తీగతో కలిసి వలయాన్ని వెనక్కి లాగుతుంది, ఊపు కాలం తగ్గుతుంది. పొర ద్రవమైతే ఊపు త్వరగా చచ్చిపోతుంది కానీ కాలం దాదాపు మారదు. కాలంలో మార్పును లెక్క కట్టడం తేలిక. వలయం జడత్వ భ్రామకాన్ని కోణీయ పౌనఃపున్యపు (2 పైను ఊపు కాలంతో భాగిస్తే వచ్చే అంకె) వర్గంతో గుణించి, అందులోంచి తీగ గట్టిదనాన్ని తీసేస్తే మిగిలేది పొర గట్టిదనం. దాన్ని రెండు వ్యాసార్ధాల వర్గాల విలోమాల తేడాతో గుణించి, 4 పైతో భాగిస్తే పొర షియర్ మాడ్యులస్. మా కొలతల ప్రకారం ఊపు కాలం 10 సెకన్ల నుంచి 8.2కు తగ్గితే మాడ్యులస్ మీటరుకు సుమారు 0.2 మిల్లీన్యూటన్లు. పలచటి పొరకు మాడ్యులస్‌ను వైశాల్యానికి బదులు పొడవు మీద చెబుతారు, అందుకే యూనిట్లు తలతన్యతవే.

ఎంత మెలితిప్పాలన్నది చాలా ముఖ్యం. ఈ పాత్రలో వలయం అంచు దగ్గర పొర వికృతి (అది ఎంత వంతు పక్కకు సాగిందన్నది), వలయం తిరిగిన కోణానికి మూడు రెట్లు. అర డిగ్రీ దాటనీయకపోతే ఆ వికృతి మూడు శాతం లోపే ఉంటుంది. ఐదు డిగ్రీలు తిప్పితే ప్రొటీన్ పొర తెగిపోతుంది, తెగాక కొలిచేది పొరను కాదు, దాని ముక్కల్ని. అర డిగ్రీకి లేజర్ చుక్క గోడ మీద మూడున్నర సెంటీమీటర్లు జరుగుతుంది కాబట్టి చూడటానికి ఇబ్బంది లేదు.

శుభ్రత విషయంలో రాజీ పడితే ఇదంతా వృథా. వేలి జిడ్డు ఒక్కసారి తగిలినా శుభ్రమైన నీటి మీదే పొర కనబడుతుంది. పాత్రను ఆల్కహాల్‌తో, తర్వాత మరిగే నీళ్లతో కడిగి, ఉత్త డిస్టిల్డ్ వాటర్ మీద పూర్తి కొలత తీశాకే నమూనాకు వెళతాం. ఫ్యాను ఆపి, పాత్ర మీద మధ్యలో కంతపెట్టిన మూత ఉంచుతాం. మన ఎండల్లో నీళ్లు త్వరగా ఆవిరై మట్టం దిగిపోతుంది, వలయం అంచు నీటిని వదిలేస్తుంది. వదిలేసిందని గమనించకపోతే వచ్చే ‘10 సెకన్లు’ అబద్ధం.

ఏం కనిపించింది

మొదటి గుంట నీటిని పాత్రలో పోసిన వెంటనే ఊపు కాలం 9.9 సెకన్లు. ఇంచుమించు శుభ్రమైన నీటిలాగే ఉంది. గంట గడిచాక 8.2. మూడు గంటలకు 7.5కు దిగింది, అంటే మాడ్యులస్ 0.3 దాకా పెరిగింది. అప్పుడు కావాలనే వలయాన్ని ఐదు డిగ్రీలు తిప్పి వదిలితే ఊపు కాలం మళ్లీ 10 దగ్గరకు వెళ్లింది. కదపకుండా అరగంట వదిలేస్తే తిరిగి 8 సెకన్ల వైపు దిగసాగింది. గంటల తరబడి ముదురుతూ, తెగి, మళ్లీ అతుక్కునే పొర ఇది. పైతలానికి చేరిన ప్రొటీన్లు అక్కడ విప్పుకొని, ఒకదాన్నొకటి పట్టుకొని వల కడతాయి. వాటి నడవడి ఇలాగే ఉంటుంది.

రెండో గుంట నీటికి ఊపు కాలం మొదటి నిమిషంలోనూ 10, మూడు గంటల తర్వాతా 10. షియర్‌లో అక్కడ పొరే లేనట్టు. తలతన్యత మాత్రం 61.

నొక్కుడు పరీక్షలో ఇంకో సంగతి బయటపడింది. టెఫ్లాన్ తొట్టిలో అడ్డపట్టీని జరుపుతూ పైతలాన్ని కుదించాం. (ఈ పద్ధతికి ఆద్యురాలు ఆగ్నెస్ పాకెల్స్. జర్మనీలో తన వంటింట్లోనే ఇలాంటి తొట్టి చేసుకొని కొలతలు తీసింది. ఆమె రాసిన ఉత్తరాన్ని లార్డ్ రాలీ 1891లో నేచర్ పత్రికలో వేయించాడు. సరైన పరికరం లేదని ఆగిపోయే కుర్రవాళ్లకు ఆమె సంగతి నేను తప్పకుండా చెబుతుంటాను.) మొదటి గుంట నీళ్లను పది శాతం కుదిస్తే తలతన్యత 2.8 తగ్గింది, అంటే మాడ్యులస్ 27 దగ్గర. పట్టీని అక్కడే ఉంచితే ఆ తగ్గుదల చాలాసేపు అలాగే నిలిచింది. రెండో గుంట నీళ్లకు మొదట కొంత తగ్గింది కానీ, ఒక హద్దు దాటాక ఎంత కుదించినా తలతన్యత కదలలేదు. పైతలాన్ని వాలు కాంతిలో చూస్తే సన్నటి చుక్కలు. పట్టినంత పరుచుకొని, మిగిలింది చుక్కలుగా తేలడం నూనెల పద్ధతి.

నూనె అనగానే మేత సంగతి మళ్లీ అడిగాం. రైతు మొదట కాదన్నాడు, తర్వాత గుంట చూసుకునే కుర్రాణ్ని పిలిచాడు. రెండో గుంటలో రొయ్య సైజు రావడం లేదని ఆ గుంట మేతకు మాత్రమే కొన్నాళ్లుగా చేప నూనె పట్టిస్తున్నారట. “అది మందు లెక్క కాదు గదా సార్, అందుకే చెప్పలా” అన్నాడు కుర్రాడు. మేతకు సరిగా పట్టకుండా జారిన నూనే నీటి మీద పరుచుకుంది.

మొదటి గుంటలో ప్రొటీన్ అన్న అనుమానాన్ని వేరే దారిలో కూడా తేల్చుకోవాలి, ఎందుకంటే షియర్‌లో గట్టిదనం చూపే పదార్థం ప్రొటీన్ ఒక్కటే కాదు. గుంటల్లో చేపల్ని చంపడానికి వేసే టీ సీడ్ కేక్‌లో (తేయాకు గింజల పిండి) సాపోనిన్లు, అంటే సబ్బులా నురగనిచ్చే పదార్థాలు, ఉంటాయి. తేయాకు గింజల సాపోనిన్ కట్టే పొర ప్రొటీన్ పొరలకన్నా ఎంతో గట్టిది. అందుకే టీ సీడ్ కేక్ ఎప్పుడు వేశారని విడిగా అడగాలి. ఇక్కడ సీడ్ వదలకముందు వేసిందే, మళ్లీ వేయలేదు. నురగను గిన్నెలో పట్టి, కరిగాక మిగిలిన నీటికి లోరీ పరీక్ష (ప్రొటీన్ ఉంటే నీలం రంగు వచ్చేది) చేస్తే నీలం రంగు గుంట నీటికన్నా బాగా ముదిరి వచ్చింది. నురగలోకి ప్రొటీన్ పోగవుతోందన్న మాట. సీకీ డిస్క్ (నీటి తేటదనం చూడటానికి దించే బిళ్ల) కనబడే లోతు ఆ వారంలోనే పెరిగింది, నీళ్ల ఆకుపచ్చ పలచబడి మట్టిరంగు తిరిగింది. ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) పడిపోయింది. చచ్చిన కణాలు పగిలి లోపలి పదార్థం నీళ్లలో కలిసింది, ఏరియేటర్ల బుడగలు దాన్ని పైకి మోశాయి.

నురగ మందు ఎందుకు వద్దన్నాను

ఒక కొలజాడీలో మొదటి గుంట నీళ్లు పోసి గట్టిగా కుదిపితే నురగ నలభై నిమిషాల పైనే నిలిచింది. అందులో రెండో గుంట పైపొర నీళ్లు ఒక చెంచా కలిపి మళ్లీ కుదిపితే నిమిషంలో కరిగిపోయింది. రైతు కళ్ల ముందే చేశాం. “అయితే దీనికీ చేప నూనె కొడితే సరిపోద్ది గదా!” అన్నాడు. అతని తర్కంలో తప్పు లేదు. బజార్లో దొరికే సిలికోన్ నురగ మందు చేసేదీ అదే: ద్రవ పొర చుక్కలు బుడగ గోడలోకి దూరి, ప్రొటీన్ వలను తెంపుతాయి.

నా అభ్యంతరం వేరు. నురగ పోయినా నీళ్లలో ప్రొటీన్ అక్కడే ఉంటుంది, కుళ్లుతుంది, ఆక్సిజన్ తింటుంది, అమ్మోనియా అవుతుంది. నురగ నిజానికి ఆ ప్రొటీన్‌ను పోగుచేసి గట్టు మూలకు తెచ్చి పెడుతోంది. దాన్ని అక్కడి నుంచి తీసి బయట పడేయొచ్చు. మందు కొడితే ఆ అవకాశం పోతుంది, గుంటలో ఏం జరుగుతోందో చెప్పే గుర్తూ పోతుంది. బీకేసీ అయితే ఇంకా పెద్ద పొరపాటు. మిగిలిన ప్లాంక్టన్‌నూ చంపి, ఇదే పొరకు మరింత ముడిసరుకు అందిస్తుంది.

చేయించినవి ఇవీ: గాలి వాలు మూలన నురగను మెష్ వలలతో పొద్దున్నే తీసి గట్టు అవతల పోయడం, తూము పై పలకలు మాత్రమే తీసి అడుగు నీళ్లు కాకుండా పై నీళ్లు వదలడం, అంతే కొత్త నీళ్లు పెట్టడం, చెక్ ట్రేలు (మేత మిగిలిందో లేదో తెలిపే పళ్లేలు) చూసి మేత తగ్గించడం, రాత్రంతా ఏరియేటర్లు ఒక్కటీ ఆపకుండా నడపడం. రెండో గుంటలో నూనె పట్టించడం ఆపమని చెప్పలేదు. పట్టించిన మేతను నీడలో ఇంకాసేపు ఆరనిచ్చి, బైండర్ (నూనెను మేతకు అంటించే జిగురు) కలిపి వేయమన్నాం.

వారం పైచిలుకులో మొదటి గుంట నమూనా గంట వయసులో (పాత్రలో పోసిన గంటకు) ఊపు కాలం 9.7కు వచ్చింది. మాడ్యులస్ మొదటిదాంట్లో ఎనిమిదో వంతు. తలతన్యత మాత్రం 60 నుంచి 63కే ఎక్కింది. షియర్ చూడకపోతే ‘పెద్దగా మారలేదు’ అనుకునేవాళ్లం. మూలన నురగ చీలమండ ఎత్తుకు మించడం లేదు, మధ్యాహ్నానికి కరిగిపోతోంది. తెల్లవారుజామున ఆక్సిజన్ 4కు చేరింది.

ఈ ఆక్సిజన్ పెరుగుదలను పొర ఖాతాలో వేయడం నాకిష్టం లేదు. పైతలం బిగుసుకుంటే గాలి నుంచి ఆక్సిజన్ నీళ్లలోకి దిగడం తగ్గుతుంది, అది నిజమే. పొర సన్నటి అలల్ని చంపుతుంది, పైతలం కింద నీటి కలయికను అణుస్తుంది. రెండో గుంటలో నున్నటి నీళ్లకు కారణం అదే. కానీ అదే రెండో గుంటలో ఆక్సిజన్ బాగానే ఉంది కదా. మొదటి గుంటలో రాత్రి ఆక్సిజన్‌ను తిన్నది ప్రధానంగా కుళ్లుతున్న ప్లాంక్టన్, మిగిలిపోయిన మేత. పొర ఆ కుళ్లుకు ఆనవాలు. మూలకారణం కుళ్లే.

ఈ కొలత ఎంతవరకు నమ్మొచ్చు

పాత్రలో కట్టిన పొర గుంట మీదున్న పొర కాదు. పలకతో తీసి, సీసాలో కుదుపుతో తెచ్చి, మళ్లీ పోశాక కొత్తగా కట్టిన పొర. అందుకే వయసును గంటకు కట్టేసి, ఆ ఒక్క అంకెనే నమూనాల మధ్య పోల్చుతాం. ఊపు చచ్చే వేగం నుంచి పొర స్నిగ్ధత విడదీయాలన్న కోరిక ఉన్నా నేను దాన్ని రిపోర్టులో రాయను. పొర బిగుసుకున్నాక వలయం లోపలి పొరంతా ఒక్కటిగా తిరుగుతూ కింది నీళ్లనూ లాగుతుంది. చచ్చిన శక్తిలో ఎంత పొరది, ఎంత నీటిది అన్నది ఈ పరికరంతో తేలదు. అలా లాగిన నీటి జడత్వం వల్ల మాడ్యులస్ కూడా అసలుకన్నా కొంత తక్కువగా కనిపిస్తుంది, ఎక్కువగా మాత్రం కాదు.

పొర ఈడ్పుకు, కింది నీటి ఈడ్పుకు ఉన్న నిష్పత్తిని బూసినెస్క్ సంఖ్య అంటారు. అది ఒకటికి బాగా పైన ఉన్నప్పుడే ఏ పరికరమైనా పొరను చూస్తున్నట్టు. మా వలయానికి పొర స్నిగ్ధత 10⁻⁵ న్యూటన్-సెకను/మీటరు స్థాయికి దిగితే నీటి ఈడ్పులో కలిసిపోతుంది. సబ్బుల వంటి కరిగే పదార్థాల పొరలు అంతకన్నా ఎంతో కింద ఉంటాయి. సోడియం డోడెసిల్ సల్ఫేట్ అనే డిటర్జెంట్ పొరకు 10⁻⁸ లోపేనని అమెరికాలోని శాంటా బార్బరా పరిశోధకులు అతి చిన్న అయస్కాంత బిళ్లలతో 2014లో చూపారు. కాబట్టి రెండో గుంటకు ‘10 సెకన్లు’ రావడం వల్ల అక్కడ స్నిగ్ధత లేదని తేలదు, మా వలయానికి అందేంత లేదని మాత్రమే తేలుతుంది. నూనె అని చెప్పగలిగింది తొట్టి పరీక్ష వల్ల, కుర్రాడి మాట వల్ల.

ఇప్పుడు నురగ కేసు వస్తే తలతన్యత, గంట వయసు ఊపు కాలం, ఐదు డిగ్రీల తెంపుడు పరీక్ష, కుదించి ఆపిన తొట్టి పరీక్ష అన్నీ ఒకే కాగితం మీద రాస్తున్నాం. దానికి పక్కనే గత పదిహేను రోజుల్లో గుంటలో వేసినవన్నీ, రైతు మందుగా లెక్కపెట్టనివి కూడా, రాయించుకుంటున్నాం.